బెల్టు లెక్క వేరు, మీటరు లెక్క వేరు

అలిపిరి టోల్‌గేటు దగ్గర బండి ఆపి సామాన్లు తనిఖీ చేస్తారు. సిగరెట్లు, మద్యం, మాంసం తిరుమల కొండ మీదికి పోనివ్వరు. కానీ పాత డీజిల్ బండి బానెట్ కింద ఉన్న రబ్బరు బెల్టు వయసెంతో, రేడియేటర్‌లో ఉన్నది కూలెంటో బోరు నీళ్లో ఎవరూ అడగరు. అడగాల్సిన పని కూడా వాళ్లది కాదు. అది బండి నడిపేవాడే చూసుకుని బయల్దేరాలి.

తిరుమల మొదటి ఘాట్ రోడ్డుకు రూపకల్పన చేసింది మోక్షగుండం విశ్వేశ్వరయ్య. 1944 ఏప్రిల్ 10న అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ దాన్ని ప్రారంభించారు. 1970లలో రెండో ఘాట్ రోడ్డు వచ్చాక ఎక్కడానికి కొత్తది, దిగడానికి పాతది అన్న ఏర్పాటు కుదిరింది. తిరుపతి సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది, తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. మధ్యలో ఉన్న 700 మీటర్ల తేడాను బండి పద్దెనిమిది కిలోమీటర్ల దారిలో, అరగంటలో ఎక్కేయాలి. అంతకన్నా తొందరపడినా ఒప్పుకోరు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి కనీసం 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం నియమం.

ఈ అరగంటలో ఇంజిన్ లోపల ఎంత వేడి పుడుతుందో కాగితం మీద లెక్క కట్టవచ్చు. మనుషులు, సామాన్లతో కలిపి బండి రెండు టన్నులనుకుందాం. దాన్ని 700 మీటర్లు పైకి లేపడానికే కోటీ 37 లక్షల జౌళ్ల శక్తి కావాలి. టైర్ల రాపిడి, గాలి అడ్డు కూడా కలిపితే రెండు కోట్ల జౌళ్లకు దగ్గరవుతుంది. డీజిల్‌లో ఉన్న శక్తిలో చక్రాల దాకా చేరేది స్థూలంగా మూడోవంతే. అంటే ఈ ఎక్కుడుకు ఆరు కోట్ల జౌళ్ల డీజిల్, లీటరున్నరకు కాస్త ఎక్కువే, మండాలి. మిగిలిన రెండు వంతుల్లో ఒకటి సైలెన్సర్ గొట్టంలోంచి పోతుంది. ఇంకొకటి, అంటే మళ్లీ రెండు కోట్ల జౌళ్లు, ఇంజిన్ చుట్టూ తిరిగే కూలెంట్ మోసుకుపోవాలి. ఆ వేడితో అరవై లీటర్లకు పైగా నీళ్లు కాచి మరిగించవచ్చు. బండిలో ఉండే కూలెంట్ మాత్రం ఏడెనిమిది లీటర్లు. మరిగిపోకుండా అదే కూలెంట్ మళ్లీ మళ్లీ తిరిగి, వేడిని గాలికి అప్పజెప్పి రావాలి.

మే నెలలో ఇది ఇంకా కష్టం. రేడియేటర్ పారబోసే వేడి కూలెంట్‌కు, బయటి గాలికి మధ్య ఉన్న ఉష్ణోగ్రత తేడా మీద ఆధారపడి ఉంటుంది. కూలెంట్ 90 డిగ్రీల్లో ఉండి, డిసెంబరు ఉదయం గాలి 25 డిగ్రీల్లో ఉంటే తేడా 65. తిరుపతిలో 43 డిగ్రీల మధ్యాహ్నం అదే తేడా 47కు పడిపోతుంది. అంటే రేడియేటర్ సామర్థ్యంలో పాతిక శాతానికి పైగా ఎండే తినేసింది. దానికి తోడు రేడియేటర్ ముందు ఏసీ కండెన్సర్ వేడిగాలి ఊదుతుంటుంది. సెకండ్ గేర్‌లో పోయే బండికి ఎదురుగాలి కూడా అంతంతమాత్రమే. అప్పుడు భారమంతా ఫ్యాన్ మీదే పడుతుంది.

పాత డీజిళ్లలో చాలావాటికి ఇంకో ఇబ్బంది ఉంది. 2000లో వచ్చిన టయోటా క్వాలిస్‌లోనూ, 1998 డిసెంబరులో ఆవిష్కరించిన టాటా ఇండికా తొలి డీజిళ్లలోనూ మంట నేరుగా పిస్టన్ మీద కాకుండా పక్కన ఒక చిన్న గదిలో మొదలై సిలిండర్‌లోకి వస్తుంది. చప్పుడు తగ్గుతుంది గానీ, ఆ గది గోడల గుండా కూలెంట్‌లోకి పోయే వేడి పెరుగుతుంది. దశాబ్దం పైగా తిరుపతి ట్యాక్సీ స్టాండ్లను ఏలిన బండ్లు ఇవే. వాటికి 2005లో ఇన్నోవా తోడైంది. అదే ఏడాది వచ్చిన టాటా ఏస్, జనం నోట ఛోటా హాథీ, ఇండికా ఇంజిన్‌ను సగం చేసినట్టుండే రెండు సిలిండర్ల 702 సీసీ డీజిల్‌తో పలమనేరు టమాటాలనూ చిత్తూరు తోతాపురి మామిడినీ మోయడం మొదలుపెట్టింది. మొగిలి ఘాట్‌లో మోతకు మించిన లోడుతో ఏస్ ఎక్కడం చూసినవాళ్లకు శీతలీకరణ గురించి వేరే పాఠం అక్కర్లేదు.

ఇప్పటిదాకా చెప్పింది కంటికి కనిపించే ప్రమాదం. డ్యాష్‌బోర్డు మీద వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది, ఆవిరి వస్తుంది, డ్రైవరు పక్కకు ఆపుతాడు. ఇదే ఇంజిన్ ముందు భాగంలో, ప్లాస్టిక్ మూత వెనకాల, ఏ ముల్లూ లేని ప్రమాదం ఇంకొకటి తిరుగుతూ ఉంటుంది.

క్రాంక్‌షాఫ్ట్ రెండు చుట్లు తిరిగితే క్యామ్‌షాఫ్ట్ సరిగ్గా ఒక్క చుట్టు తిరగాలి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అంతా ఈ ఒక్క నియమం మీద నిలబడింది. క్యామ్ తిరిగితేనే వాల్వులు తెరుచుకుంటాయి, మూసుకుంటాయి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు సెకనుకు 25 సార్లు తెరుచుకుని మూసుకుంటుంది. లారీలు, బస్సుల పెద్ద ఇంజిన్లలో క్యామ్‌ను తిప్పే ఈ పని గేర్లు చేస్తాయి. స్విఫ్ట్ డీజిల్‌లో ఉన్న ఫియట్ 1.3 ఇంజిన్‌లో చైను చేస్తుంది. ఇండికా, క్వాలిస్, పాత ఇన్నోవా, రెనో లోగాన్, డస్టర్ వంటి వాటిలో పళ్లున్న రబ్బరు బెల్టు, అంటే టైమింగ్ బెల్టు, చేస్తుంది. కొన్నింటిలో డీజిల్ పంపును తిప్పేదీ ఆ బెల్టే, వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టే.

పళ్ల బెల్టు మొదట కార్ల కోసం పుట్టింది కాదు. 1940లలో అమెరికాలో సింగర్ కుట్టుమిషన్‌లో సూదీ బాబిన్ ఒకే లయలో నడవడానికి దాన్ని తయారు చేశారు. పెద్ద సంఖ్యలో అమ్మిన కారులోకి అది వచ్చింది 1962లో, జర్మనీలోని గ్లాస్ కంపెనీ చేసిన 1004 మోడల్‌తో. చైను కన్నా చవక, చప్పుడు లేదు, నూనె అక్కర్లేదు. ఈ మూడు సుగుణాలకూ కంపెనీలు పడిపోయాయి. కొన్నేళ్లకోసారి మార్చాల్సి రావడమనే నాలుగో గుణం మాత్రం కొన్నవాడి వాటాకు వచ్చింది.

బెల్టు లోపల సాగకుండా పట్టి ఉంచేవి గాజు నూలు పోగులు. వాటి చుట్టూ రబ్బరు, పళ్ల మీద నైలాన్ గుడ్డ. రబ్బరు ముసలిదవడం రసాయన చర్య. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే అటువంటి చర్యల వేగం ఇంచుమించు రెట్టింపవుతుందని రసాయనశాస్త్రంలో ఒక మోటు సూత్రం ఉంది. కాబట్టి ఊటీలో ఉన్న బెల్టూ రేణిగుంటలో ఉన్న బెల్టూ ఒకే ఈడున ముసలివి కావు. కంపెనీలు కిలోమీటర్లతో పాటు ఏళ్ల గడువు కూడా పెట్టేది ఇందుకే. ఇంజిన్‌ను బట్టి అరవై వేల నుంచి లక్షన్నర కిలోమీటర్ల దాకా ఉంటుంది. ఏళ్ల గడువు చాలావాటిలో నాలుగైదు. రెండింటిలో ఏది ముందొస్తే అది.

కిలోమీటర్ల గడువులో కూడా ఒక మోసం దాగుంది. మీటరు లెక్కపెట్టేది చక్రాల చుట్లు. బెల్టు లెక్కపెట్టేది ఇంజిన్ చుట్లు. మదనపల్లె రోడ్డు మీద టాప్ గేర్‌లో గంటకు 60 కిలోమీటర్ల వేగంతో, 2000 చుట్ల మీద పోతుంటే 18 కిలోమీటర్లకు ఇంజిన్ 36 వేల చుట్లు తిరుగుతుంది. అదే 18 కిలోమీటర్ల ఘాట్‌ను కింది గేర్లలో, 2500 చుట్ల మీద అరగంటలో ఎక్కితే 75 వేల చుట్లు. కొండ దారిలో ప్రతి కిలోమీటరూ బెల్టుకు రెండు కిలోమీటర్లతో సమానమన్నమాట. దర్శనానికి వెళ్లినవాళ్ల కోసం ఏసీ వేసుకుని గంటసేపు నిలిపి ఉంచిన బండిలో మీటరు కదలదు. ఇంజిన్ మాత్రం నిమిషానికి 800 చొప్పున 48 వేల చుట్లు తిరిగేసి ఉంటుంది. రోజుకు రెండు ట్రిప్పులు కొండకు కొట్టే ట్యాక్సీకీ, వారానికోసారి చిత్తూరు వెళ్లొచ్చే సొంత కారుకూ మాన్యువల్‌లో ఒకే అంకె రాసి ఉండొచ్చు. కానీ ఆ అంకెను ట్యాక్సీవాడు కనీసం పావు వంతు తగ్గించి చదువుకోవాలన్నది ఈ లెక్క చెప్పే తీర్పు.

బెల్టు తెగితే డీజిల్‌లో జరిగేది పెట్రోల్ ఇంజిన్లన్నింటిలో జరగదు. డీజిల్ తనంతట తాను అంటుకోవాలంటే గాలిని ఇంచుమించు ఇరవయ్యో వంతు పరిమాణానికి నొక్కాలి. అంత నొక్కాలంటే పిస్టన్ పైకి వచ్చినప్పుడు హెడ్‌కూ దానికీ మధ్య మిగిలే సందు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ మాత్రమే ఉండాలి. ఆ క్షణాన వాల్వు తెరిచి ఉంటే పిస్టన్ వచ్చి గుద్దుతుంది. వాల్వులు వంగుతాయి, గైడ్లు పగులుతాయి, ఒక్కోసారి పిస్టన్‌కే చిల్లి పడుతుంది. షెడ్డు భాషలో హెడ్డు దించాలి. బెల్టు, టెన్షనర్, ఐడ్లర్ కలిపి కొత్త కిట్టు వేయించే ఖర్చుకు ఇది ఎన్నో రెట్లు. ఘాట్ మధ్యలో తెగితే ఇంజిన్ ఆగుతుంది, దాంతో పవర్ స్టీరింగు, బ్రేకు బూస్టరు సాయం కూడా తగ్గిపోతాయి. ఎక్కుడులో ఇది ప్రాణాంతకం కావచ్చు.

ముందస్తు సూచన ఏమీ ఉండదా అంటే, ఉండీ లేనట్టే. మూత తీసి చూస్తే వీపు మీద పగుళ్లు, అంచుల్లో లేచిన పోగులు, పళ్ల మధ్య నూనె తడి కనిపించవచ్చు. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ బెల్టు పని అయిపోయినట్టే. ఏదీ కనిపించకపోతే బాగున్నట్టు కాదు. కొత్త రకం రబ్బరు బెల్టులు పగుళ్లు చూపకుండానే లోపలి పోగులు తెగి పోతాయి. కొన్ని టయోటా డీజిళ్లలో గడువు రాగానే డ్యాష్‌బోర్డు మీద బెల్టు దీపం వెలుగుతుంది. అది బెల్టును చూసి వెలిగే దీపం కాదు, కిలోమీటర్లు లెక్కపెట్టి వెలిగేది. బెల్టు మార్చకుండా దీపాన్ని మాత్రం ఆర్పి అమ్మేసిన బండి సెకండ్ హ్యాండ్ బజారులో ఎదురైతే ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇక చల్లదనం సంగతికి వస్తే, షెడ్లలో తరచూ వినిపించే మాట ఇలా ఉంటుంది.

“హీటెక్కతా ఉంది అన్నా, ఏమైందో చూడు.”

“నీళ్లు ఎన్నాళ్ల నించి పోస్తా ఉండావు?”

ఆ ప్రశ్నలోనే సగం రోగ నిర్ణయం అయిపోయింది. ఉమ్మడి చిత్తూరు జిల్లా నేల గ్రానైట్ రాతి నేల. ఇక్కడి బోరు నీళ్లు కాగిన గిన్నె అడుగున తెల్లటి పొలుసు ఎలా కడతాయో ఇంటింటికీ తెలుసు. అదే పొలుసు ఇంజిన్ నీటి దారుల్లోనూ, రేడియేటర్ సన్నటి గొట్టాల్లోనూ కడుతుంది. వేడిని దాటనివ్వడంలో అది ఇనుము కన్నా పది రెట్లకు మించి మొండిది. ముల్లు మామూలుగానే ఉన్నా లోపల లోహం కాగిపోతుంటుంది. ఇక్కడ గడ్డకట్టే చలి లేదు గనుక కూలెంట్ అక్కర్లేదన్న వాదన బలంగా ఉంది. కానీ కూలెంట్‌ను చలి కోసమే వాడరు. అందులోని తుప్పు నిరోధకాలు అల్యూమినియం హెడ్‌ను, ఇనుప బ్లాకును, వాటర్ పంపు సీలును కాపాడతాయి. గ్లైకాల్ మరుగు స్థానాన్ని పెంచుతుంది. రేడియేటర్ మూత కూడా ఉత్త మూత కాదు. 0.9 బార్ ఒత్తిడిని పట్టి ఉంచే స్ప్రింగు మూత అది. ఆ ఒత్తిడిలో మామూలు నీళ్లు కూడా 115 డిగ్రీలు దాటితే గానీ మరగవు. స్ప్రింగు సడలిన మూతతో బండి కొండెక్కితే ఆ మినహాయింపు అంతా పోతుంది. మూత ఖరీదు ఒక పూట టిఫిన్ ఖర్చును మించకపోవచ్చు. అయినా పదేళ్ల బండిలో పదేళ్ల మూతే ఉండటం మామూలు.

ఇంకో అలవాటు థర్మోస్టాట్ పీకేయడం. మైనంతో పనిచేసే ఈ చిన్న వాల్వు సుమారు 82 డిగ్రీల దగ్గర తెరుచుకుని కూలెంట్‌ను రేడియేటర్‌కు పంపుతుంది. అది ఇరుక్కుపోయినప్పుడు కొత్తది వేసే బదులు తీసి పారేస్తారు. బండి చల్లగా ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ చల్లటి డీజిల్ ఇంజిన్ ఎక్కువ తాగుతుంది, త్వరగా అరుగుతుంది. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాటే పక్కదారిని కూడా మూయాలి. అది లేకపోతే కూలెంట్‌లో కొంత రేడియేటర్‌కు పోకుండానే తిరిగొచ్చేస్తుంది, ఘాట్‌లో మునుపటికన్నా ఎక్కువ వేడెక్కుతుంది. దీన్ని సొంత తెలివి అనుకునే మెకానిక్ దగ్గర బండి పెట్టకపోవడమే మంచిది.

ఒక్కసారి బాగా కాగితే ఏమవుతుంది? వేడికి అల్యూమినియం ఇనుము కన్నా ఇంచుమించు రెండింతలు వ్యాకోచిస్తుంది. అల్యూమినియం హెడ్డు, ఇనుప బ్లాకు ఉన్న ఇంజిన్‌లో రెండూ ఒకదాన్నొకటి లాక్కుని హెడ్డు వంగుతుంది, మధ్యలో ఉన్న గాస్కెట్ పోతుంది. డిప్‌స్టిక్ మీద నూనె పాలు కలిపిన టీ రంగులో కనిపిస్తే కూలెంట్ అందులోకి దిగినట్టే.

బెల్టునూ కూలెంట్‌నూ ఒకే పూట చూడమని అనుభవమున్నవాళ్లు చెప్పడానికి కారణం వాటర్ పంపు. దాని కింద చిన్న కన్నం ఒకటి ఉంటుంది. సీలు పోవడం మొదలైతే అక్కడి నుంచి ఎండిపోయిన కూలెంట్ రంగు చార కనిపిస్తుంది. బెల్టుతో తిరిగే పంపు అయితే ఆ కారుడు బెల్టు మీదే పడుతుంది, బేరింగు పట్టేస్తే బెల్టు పళ్లు ఊడిపోతాయి. బెల్టు కోసం విప్పినప్పుడు పంపు మార్చకుండా మళ్లీ మూసేస్తే, ఆర్నెల్ల తర్వాత పంపు కోసం అదే కూలీ రెండోసారి ఇవ్వాలి.

మంచి షెడ్డులో పని ఇలా సాగుతుంది. ఇంజిన్ రాత్రంతా చల్లారి ఉండాలి. కాగిన రేడియేటర్ మూత తిప్పితే మొహం కాలుతుంది. బ్యాటరీ వైరు తీసి, కింద పళ్లెం పెట్టి పాత కూలెంట్ దించుతారు. దాన్ని కాలవలోకి వదలకూడదు. ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, ఆవులూ కుక్కలూ తాగితే చస్తాయి. ఫ్యాన్ బెల్టులు, క్రాంక్ పుల్లీ, మూత వరసగా ఊడొస్తాయి. అప్పుడు క్రాంక్ బోల్టుకు స్పానర్ వేసి, ఇంజిన్ తిరిగే వైపుకే మెల్లగా తిప్పుతూ క్రాంక్, క్యామ్, డీజిల్ పంపు పుల్లీల మీదున్న గుర్తులను వాటి వాటి గీతలకు కలుపుతారు. కొన్ని ఇంజిన్లకు పిన్నులు గుచ్చి బిగించే ఏర్పాటు ఉంటుంది. పాత బెల్టు తీశాక ఏ పుల్లీనీ విడిగా తిప్పకూడదు. కొత్త బెల్టును మడవకూడదు, స్క్రూడ్రైవర్‌తో ఎగదన్ని ఎక్కించకూడదు. లోపలి గాజు పోగులు అక్కడే తెగుతాయి. టెన్షనర్ బిగించాక అందరికీ తొందరపుట్టే క్షణం వస్తుంది. సెల్ఫ్ కొట్టి చూడాలనిపిస్తుంది. అలా కొట్టకూడదు. స్పానర్‌తోనే రెండు నిండు చుట్లు చేత్తో తిప్పి, గుర్తులన్నీ తిరిగి గీతల మీదికి వచ్చాయో లేదో చూడాలి. ఎక్కడైనా గట్టిగా అడ్డుతగిలితే అది పిస్టన్‌కు తగిలిన వాల్వు. చేత్తో తిప్పితే ఆగుతుంది, సెల్ఫ్ మోటారు ఆగదు. డీజిల్ పంపు ఒక్క పన్ను తప్పినా బండి కదులుతుంది గానీ పొగ వదులుతుంది, పొద్దున్నే స్టార్ట్ కావడానికి మొరాయిస్తుంది.

తర్వాత మంచి నీళ్లతో లోపల కడిగి, కొత్త థర్మోస్టాట్, ఉబ్బిన హోస్ పైపుల బదులు కొత్తవి, కొత్త మూత వేసి, కూలెంట్‌ను డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోస్తారు. అమరరాజా బ్యాటరీలు తయారయ్యే తిరుపతి ప్రాంతంలో డిస్టిల్డ్ వాటర్‌కు కరువుండదు. రెండు రకాల కూలెంట్లు కలపకూడదు, కొన్ని కలిస్తే జిగురు కడతాయి. నింపిన తర్వాత లోపల గాలి బుడగ మిగిలితే ముల్లు అబద్ధం చెబుతుంది. బండి ముక్కు పైకి ఉండేలా ఏటవాలు మీద నిలిపి, హీటర్ తెరిచి, ఫ్యాన్ రెండుసార్లు తిరిగి ఆగేదాకా నడిపి, మర్నాడు చల్లగా ఉన్నప్పుడు మట్టం చూసి మళ్లీ నింపాలి.

2022 సెప్టెంబరు నుంచి తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు తిరుగుతున్నాయి. వాటికి టైమింగ్ బెల్టు లేదు, దిగేటప్పుడు మోటారే బ్రేకులా పనిచేసి కొంత కరెంటును బ్యాటరీకి తిరిగిస్తుంది. పాత డీజిళ్లు మాత్రం ఇంకా కొన్నేళ్లు ఈ దారుల్లోనే ఉంటాయి, చేతులు మారుతూ ఉంటాయి. అలాంటి బండి కొంటే అమ్మేవాడిని టైమింగ్ కిట్టు బిల్లు అడగండి. బిల్లు చూపించలేకపోతే బెల్టు మార్చలేదనే లెక్క, రేటులో ఆ ఖర్చు తగ్గించి బేరమాడండి. మార్పించినప్పుడు తీసేసిన పాత బెల్టు, పాత పంపు చూపించమనండి. తేదీ, మీటరు అంకె రాసిన స్టిక్కరు బానెట్ లోపలి వైపు అంటించి, బిల్లును ఆర్‌సీ పుస్తకంతో కలిపి ఉంచండి.